సూది బెజ్జం కనిపిస్తుంది, పోపు గిన్నె కనిపించదు

మా అమ్మది టైలరింగ్. 30 ఏళ్లుగా సూదీ దారంతో ఇల్లు నడిపిన మనిషి. అందుకే శుక్లాల ఆపరేషన్ అనగానే డాక్టర్‌ని అడిగిన మొదటి మాట, "కళ్లజోడు లేకుండా సూది బెజ్జం కనిపిస్తుందా?" అని. మా ఇంట్లోకి బైఫోకల్ లెన్స్ అలా వచ్చింది.

శుక్లం అంటే కంట్లో సహజంగా ఉండే లెన్స్ మసకబారడం. దాన్ని తీసేసి కృత్రిమ లెన్స్ పెడతారు. మా నానమ్మకి తీశారు గానీ పెట్టలేదు. చివరిదాకా సోడాబుడ్డి కళ్లద్దాలే. (లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కంట్లో లెన్స్ పెట్టాడు. మా ఊరిదాకా రావడానికే అంత కాలం పట్టింది!) మామూలు లెన్స్ ఒక్క దూరానికే పనిచేస్తుంది. రోడ్డు బాగా కనిపించేలా పెట్టించుకుంటే, పేపర్ చదవడానికి అద్దాలు తప్పవు.

బైఫోకల్ అంటే గీత ఉన్న కళ్లజోడు గుర్తొస్తుంది కదా, పైనుంచి దూరం, కిందనుంచి చదువు. కంట్లో పెట్టేది అలా కాదు. చాలా రకాల్లో లెన్స్ మీద సన్నటి వలయాలుంటాయి. అవి లోపలికొచ్చే వెలుగుని పంచేస్తాయి, కొంత దూరానికి, కొంత దగ్గరకి. రెండు బొమ్మలూ ఒకేసారి రెటీనా మీద పడతాయి. ఏది కావాలో ఏరుకోవాల్సింది మెదడే. అది అలవాటవడానికి కొందరికి నెలలు పడుతుంది.

చెకప్‌లో అమ్మ బోర్డు మీద చివరి వరస గడగడా చదివేసింది. చేతికిచ్చిన కార్డులో చిన్నక్షరాలూ అంతే. రిజల్ట్ సూపర్ అన్నారు. అబద్ధం కాదు, ఇంటికి రాగానే సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించి చూపించింది. కానీ పోపులో ఆవాలు చిటపటలాడాయో మాడాయో చెవులతోనే తెలుసుకుంటోంది. చెయ్యి చాచినంత దూరం ఈ లెన్స్‌కి అంతగా అందదు. వంటగట్టు, కంప్యూటర్, కొట్లో గల్లాపెట్టె అన్నీ ఉండేది అక్కడే. హాస్పిటల్ బోర్డులో మాత్రం ఆ వరస లేదు! ఆ మధ్య దూరం కోసమే తర్వాత ట్రైఫోకల్ లెన్సులొచ్చాయి.

రాత్రయితే ఇంకో గొడవ. "ఒరేయ్, ప్రతి బండి లైటుకీ వరదగుడి కట్టిందిరా" అంటుంది. చంద్రుడి చుట్టూ కట్టే గుడిలాంటిదే. ఒక బొమ్మ స్పష్టంగా ఉంటే, రెండోది అలుక్కుపోయి వెలుగు చుట్టూ వలయంలా కనిపిస్తుంది. మొదట్లో భయపడింది. ఇప్పుడు పెద్దగా పట్టించుకోవట్లేదు.

మా మావయ్య లారీ డ్రైవర్, రాత్రి డ్యూటీలే ఎక్కువ. ఆయనకి మాత్రం డాక్టర్ మామూలు లెన్సే పెట్టారు. "చెల్లెలికి ఖరీదైందీ, నాకు చవకదా?" అని అలిగాడు కూడా. ఇప్పుడు జేబులో చదువు అద్దాలు, రోడ్డు మీద గుళ్లూ గోపురాలూ లేని లైట్లు. నన్నడిగితే ఇద్దరిలో లాభపడింది ఆయనే. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకి కూడా బైఫోకల్ సాధారణంగా వద్దంటారు. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, "కళ్లజోడు పోతుందా" అని అడిగి ఊరుకోకండి. వాళ్లు రోజంతా ఏ పనిలో ఉంటారో, రాత్రి బండి నడుపుతారో లేదో డాక్టర్‌కి చెప్పండి.

అమ్మ మెషీన్ పైన ఇప్పుడు పెద్ద ఎల్ఈడీ లైటు బిగించాను. వెలుగు రెండుగా చీలిపోయాక, కలిసిపోయే రంగుల్ని విడదీసి చూడటం కాస్త కష్టమే. నల్ల గుడ్డ మీద నల్ల దారం పని ఉంటే మాత్రం, "పొద్దున్నే కుడతాలేమ్మా, రేపు రా" అని పంపేస్తోంది.