నాలుగో ప్రశ్న

మొన్న ఆదివారం మా బాబాయ్ విజయనగరం నుంచి వచ్చాడు. గుమ్మం ఎక్కకుండానే, సందులో నిలబెట్టిన నా కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. నంది కొమ్ముల్లోంచి శివుణ్ణి చూసినట్టు కిటికీ అద్దానికి కళ్లానించి లోపలికి చూశాడు.

"ఎంతిస్తుంది?"

అప్పు గురించి కాదండోయ్, లీటరుకి ఎన్ని కిలోమీటర్లని. కంపెనీ లెక్క 21, నా కాలి లెక్క 14. నేను కంపెనీ లెక్కే చెప్పాను. బాబాయ్ నా మొహం చూసి నమ్మలేదు.

"వెనక ముగ్గురు పడతారా?" పడతారన్నాను. "రేపు అమ్మితే ఎంతొస్తుంది?" నీళ్లు నమిలాను.

మన ఇళ్లలో కారుకి జరిగే పెళ్లిచూపులు ఇంతే కదా! ఈ మూడు ప్రశ్నల్లో నెగ్గితే సంబంధం ఖాయం. నాలుగోది ఒకటుంది, నడుపుతుంటే ఎలా ఉంటుందని. అది ఎవరూ అడగరు. ఇవాళ మీతో చెప్పుకోవాలనుకున్న కబుర్లన్నీ ఆ నాలుగో ప్రశ్న చుట్టూనే. టీ పెట్టుకుని రండి, తొందరేం లేదు.

ముందు నా బండి సంగతి. బాలెనో ఆర్ఎస్. 2017 మార్చిలో వచ్చింది. అప్పటి ఢిల్లీ షోరూం ధర 8.69 లక్షలు. "బాలెనోయే కదా, వీధికి నాలుగున్నాయి" అన్నాడు బాబాయ్. అదే దీని తమాషా. మామూలు బాలెనోలో 1.2 లీటర్ల ఇంజన్, 84 గుర్రాల బలం. దీన్లో ఒక్క లీటరు, మూడు సిలిండర్లు. కానీ పక్కన టర్బో ఉంది కాబట్టి 102 గుర్రాలు. మొత్తం బరువు 950 కిలోలు. వెనక చక్రాలకి కూడా డిస్క్ బ్రేకులు. పైకి చూస్తే మాత్రం లెక్కల మాస్టారిలా ఉంటుంది. రైతుబజారు ముందు ఆపితే ఎవరూ తల తిప్పి చూడరు.

ఇలాంటివాటిని హాట్ హ్యాచ్ అంటారు. హ్యాచ్‌బ్యాక్ మీకు తెలిసిందే, డిక్కీ వెనక్కి పొడుచుకు రాకుండా, వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచే చిన్న కారు. అదే ఒళ్లుంచి, ఇంజన్‌కి బలం పోసి, స్ప్రింగులు బిగించి, బ్రేకులు పెంచితే హాట్ హ్యాచ్. పొద్దున పిల్లల్ని బడిలో దింపే బండే ఆదివారం కొండెక్కితే ఇంకో అవతారం ఎత్తుతుంది. మనకిది కొత్తేం కాదు. సాయంత్రం దాకా కొట్టులో పద్దులు రాసుకుని, రాత్రికి కిరీటం పెట్టుకుని దుర్యోధనుడైపోయేవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు!

ఈ తంతు మొదట బ్రిటన్‌లో మొదలైందని చెప్పొచ్చు. 1959లో అలెక్ ఇసిగోనిస్ మినీ అనే బుల్లి కారు గీశాడు. పెట్రోలుకి కటకటగా ఉన్న రోజుల్లో, నలుగురు కూర్చుని పొదుపుగా తిరగడానికి. రేసుకార్లు కట్టే జాన్ కూపర్ దాన్ని చూసి, ఇందులో ఇంకేదో ఉందని పట్టుకున్నాడు. 1961లో మినీ కూపర్ వచ్చింది. 1964, 65, 67 సంవత్సరాల్లో మాంటె కార్లో ర్యాలీ గెలిచింది. ఆల్ప్స్ కొండల్లో, మంచు మీద, తనకంటే రెండు మూడింతల ఇంజన్లున్న కార్లని వెనక్కి నెట్టి! తిన్నని రోడ్డు మీద వాటిదే పైచేయి. మలుపులొచ్చాయా, ఈ బుడ్డోడి రాజ్యం.

తర్వాత జర్మనీ. వోక్స్‌వ్యాగన్‌లో కొందరు ఇంజనీర్లు గోల్ఫ్ కారుకి గట్టి ఇంజన్ బిగించి, 1975 ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో గోల్ఫ్ జీటీఐ అని నిలబెట్టారు. 110 గుర్రాలు. ఓ అయిదు వేలు అమ్ముడైతే గొప్పే అనుకున్నారు. ఆ మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది.

ఆ కారులో నాకు ఇంజన్ కంటే ఇష్టమైనవి రెండున్నాయి. గేరు రాడ్ చివర గోల్ఫ్ బంతి, సీట్లకి గళ్ల బట్ట. ఈ రెండూ గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే ఆవిడ ఆలోచనలు. ఆవిడ అంతకుముందు పింగాణీ మీద బొమ్మలు వేసేది. పింగాణీ మీద కుంచె పట్టిన చెయ్యి, గేరు మార్చే చెయ్యి దేన్ని పట్టుకుంటే బాగుంటుందో ఆలోచించింది చూశారా! అరచేతిలో ఇమిడే గుండ్రని బంతి. యాభై ఏళ్లయినా జీటీఐ అంటే జనానికి ఆ గళ్లే గుర్తొస్తాయి, మన గళ్ల లుంగీకి అన్నదమ్ముల్లాంటి గళ్లు.

మరి మన దేశం సంగతి? అదో పెళ్లిళ్ల పేరయ్య కథ. కుర్రాడు బంగారం అన్నవాళ్లే అందరూ, పిల్లనిచ్చినవాళ్లు లేరు.

2001లో ఫియట్ పాలియో వచ్చింది. ప్రకటనల్లో సాక్షాత్తూ సచిన్ టెండూల్కర్. అందులో 1.6 లీటర్ల బండికి 100 గుర్రాలు. రోడ్డుని కరుచుకుని వెళ్లేది. కానీ పెట్రోలు తాగుతుందని పేరొచ్చింది. మొదటి ప్రశ్నలోనే తప్పింది.

తర్వాత పోలో. మా విశాఖవాళ్లకి ఈ పేరు వింటే చిన్న కలుక్కు. 2005 ప్రాంతంలో వోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ ఇక్కడికి వచ్చేస్తోందని ఊరంతా ఒకటే మాట. అది కాస్తా రకరకాల గొడవల్లో పడి, చివరికి పుణె పక్కన చాకన్‌లో తేలింది. అక్కడ పుట్టిన పోలోలే తర్వాత మా బీచ్ రోడ్డు మీద చుట్టపుచూపుగా తిరిగాయి. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐకి 105 గుర్రాలు. 2022లో పోలో మొత్తంగా సెలవు తీసుకుంది. అప్పుడు జనం పెట్టిన కన్నీళ్లు చూసి నాకు నవ్వొచ్చింది. ఏడ్చినవాళ్లలో సగంమంది కొనుంటే అది వెళ్లేదే కాదు కదా!

2015లో పుంటో అబార్త్. దాని ముందు తేలు బొమ్మ ఉంటుంది. ఎందుకంటారా? అబార్త్ కంపెనీ పెట్టిన కార్లో అబార్త్‌ది వాళ్ల లెక్కలో వృశ్చిక రాశి. తేలు పేరుకే కాదు, 145 గుర్రాలు. ధర 9.95 లక్షలు. పది లక్షల లోపు అంత బలం అంతకుముందు మన దగ్గర ఎవరూ ఇచ్చింది లేదు. అయినా ఎన్ని చూశారు మీరు రోడ్డు మీద? నేను చూసినవి ఒక చేతి వేళ్లు చాలు.

2018లో టాటావాళ్లు కోయంబత్తూరు జయెమ్ సంస్థతో కలిసి టియాగో జేటీపీ తెచ్చారు. 114 గుర్రాలు, 6.39 లక్షలు. మధ్యతరగతి కుర్రాడు ఉద్యోగంలో చేరిన రెండేళ్లకి కొనుక్కోగల ధర. అదీ రెండేళ్లు తిరక్కుండానే ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి పొగ నిబంధనలు మారాయి. వంద అమ్ముడయ్యే ఇంజన్ కోసం ఎవరు మళ్లీ ఖర్చు పెడతారు? నా బాలెనో ఆర్ఎస్ కూడా ఆ వరదలోనే కొట్టుకుపోయింది. బాలెనో కట్టిన సుజుకికే స్విఫ్ట్ స్పోర్ట్ అనే ఇంకో చిచ్చరపిడుగు ఉంది. వేరే దేశాల్లో అమ్మారు, మనకి మాత్రం తేనే లేదు. వాళ్లని మాత్రం ఏమనగలం?

ఇందులో సర్కారు కత్తెర కూడా ఉందండి. 2006 నుంచి మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉంటేనే చిన్న కారు కింద లెక్క, పన్ను తక్కువ. అందుకే మన చిన్న కార్లన్నీ ఒకే దర్జీ కొలతతో కుట్టిన చొక్కాల్లా ఉంటాయి. పెద్ద ఇంజన్ పెడితే పన్ను పోటు. ఆ ఇరుకులోనే బలం తేవాలంటే టర్బో ఒక్కటే దారి. ఇంజన్ వదిలేసే వేడి పొగతోనే ఓ చిన్న చక్రాన్ని తిప్పి, ఆ తిప్పుడుతో బయటి గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. పారేసే పొగని కూడా పనికి పెట్టుకోవడమంటే, పుచ్చకాయ తొక్కతో పప్పు వండే మా అమ్మమ్మ తెలివి.

ఇక తాజా కబుర్లు. 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ తెచ్చింది. 2024 జూన్‌లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ తెచ్చింది. రెంటికీ 120 గుర్రాలే. 2025 మేలో అసలు సిసలు గోల్ఫ్ జీటీఐ మన దేశంలో దిగింది. 265 గుర్రాలు, నిలబడ్డ చోటు నుంచి వంద వేగానికి 5.9 సెకన్లు. అప్పటి ధర 53 లక్షలు! సామాన్యుడి కారుకి రెక్కలు తొడగడం ఆ మూడక్షరాల మొదటి ఉద్దేశం. ఆ రెక్కలు ఇక్కడికి వచ్చేసరికి సామాన్యుడు నేల మీదే ఉండిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కాబట్టి ఇక పన్ను మీద నెపం పెట్టడం కష్టం. బంతి కంపెనీల కోర్టులో ఉందనే ముందు, మన కోర్టులో లేదా అన్నది నా అనుమానం.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "అంత బలం మన రోడ్ల మీద ఎక్కడ వాడతావయ్యా?" సరైన ప్రశ్నే. మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ సమాధికట్టంత ఉంటుంది. కిందికుండే కారు పొట్ట గీసుకోకుండా దాటించాలంటే ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి తియ్యాలి. జనం ఎత్తు కార్ల వైపు పోతున్నారంటే అందులో సోకు కొంతే, రోడ్ల పుణ్యం మిగతాదంతా. ఒప్పుకుంటున్నాను.

కానీ నాకు కావలసింది బలం కాదు, తేలిక. బాబాయ్‌కి అదే చూపిద్దామని మర్నాడు తెల్లారకుండా అరకు దారి పట్టాం. శృంగవరపుకోట దాటాక, ఘాట్ రోడ్డు మొదట్లో బండి ఆపి తాళం ఆయన చేతికిచ్చాను. ఇరవయ్యేళ్లు ప్రీమియర్ పద్మిని నడిపిన మనిషి. స్టీరింగు పక్కన గేరున్న కాలం. ఎడమ చెయ్యి ముందు అలవాటుగా అక్కడికే వెళ్లింది. నవ్వుకుని కిందికి దించాడు.

మొదటి హెయిర్‌పిన్‌కి మరీ నెమ్మదించాడు, హారన్ కొట్టాడు. పాతకాలం క్రమశిక్షణ. రెండోదానికి మలుపు ముందే బ్రేకు నొక్కి, రెండో గేరులోకి దించి, స్టీరింగు ఒక్కసారి తిప్పి వదిలాడు. ముక్కు తిరిగిన చోటికే తోకా తిరిగింది. బరువు తక్కువ కదా, టైర్లకీ బ్రేకులకీ అన్నిటికీ చాకిరీ తక్కువ. మలుపు సగం దాటాక యాక్సిలరేటర్ మీద కాలు పెట్టాడు. ముందో అర క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత టర్బో సన్నగా ఈల వేసి, వెనకనుంచి ఎవరో అరచేత్తో వీపు మీద నెట్టినట్టు బండి కొండెక్కింది. స్పీడోమీటర్ చూశాను. నలభై. అంతే! నలభైలో ఇంత సంబరం ఉంటే నూట నలభై ఎందుకండీ?

అందుకే చెబుతున్నాను, ఈ బండ్ల పేరు చెప్పి రింగు రోడ్డు మీద ప్రాణాలతో చెలగాటమాడే కుర్రాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేగం పిచ్చి ఉంటే కోయంబత్తూరులో, మద్రాసు దగ్గర రేసు ట్రాకులున్నాయి, వెళ్లి తీర్చుకోవచ్చు. ఘాట్ రోడ్డు లారీ డ్రైవర్లది, బస్సులది, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లది. మనం అతిథులం.

టైడా దాటి, అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆగాం. మిరియాల తీగలు పాకిన చెట్ల కింద మంచు ఇంకా విడలేదు. బాబాయ్ దిగి నడుం పట్టుకున్నాడు. "సీటు మరీ కిందికుంది రా. నా మోకాళ్లకి పనికిరాదు. ఇంకా, పద్నాలుగిస్తుందని నాకు నిన్ననే తెలుసు." టీ తాగాడు. కాసేపు బండినే చూస్తూ నిలబడ్డాడు. స్టీరింగు ముందు మళ్లీ ఆయనే కూర్చున్నాడు, తాళం నాకు ఇవ్వలేదు.

సాయంత్రం విజయనగరం బస్సెక్కించడానికి వెళ్లాను. సంచి అందుకుంటూ, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, బాబాయ్ నిన్నటి మూడో ప్రశ్నే మళ్లీ అడిగాడు. ఒక్క మాట మార్చి.

"రేపు నువ్వు అమ్మితే ఎంతకిస్తావ్?"