ఖాళీ సంచికి మార్కులు

లక్డీకాపూల్ మెట్రో దగ్గర ఉండేవాళ్లకి దుమ్ము గురించి ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

ఈ దుమ్ము కోసమే వాక్యూమ్ క్లీనర్ల స్టార్ రేటింగులు పోలుస్తుంటే ఓ పాత కేసు గుర్తొచ్చింది. యూరప్‌లో 2014 నుంచి వీటికి ఎనర్జీ లేబుల్ అంటించేవారు. పరీక్ష ఎలా చేసేవారనుకున్నారు? దుమ్ము సంచి ఖాళీగా పెట్టి! సంచి నిండేకొద్దీ కొన్ని మెషిన్లలో పీల్చే బలం తగ్గుతుంది కదా అని డైసన్ కంపెనీ కోర్టుకెక్కింది. 2018 నవంబర్‌లో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు ఆ లేబుల్ నిబంధననే కొట్టేసింది. (డైసన్ అమ్మేది సంచి లేని మెషిన్లు, ఊరికే వెళ్లలేదు లెండి.)

ఇక్కడ అబిడ్స్ షాపుల్లో అడిగితే ముందు వాట్లు చెప్తారు. 1600, 2000 అంటూ. అది మోటారు తాగే కరెంటు. పీల్చే బలం వేరే లెక్క. పైగా ప్రామాణిక పరీక్షలో ల్యాబు కార్పెట్‌లోకి ఖనిజ పొడి రుద్ది, ఎంత లాగిందో కొలుస్తారు. మా ఇంట్లో కార్పెట్ ఎక్కడిది? షాబాద్ బండలు, వాటి సందుల్లో ఇరుక్కున్న ఆవాలు.

వాడుతున్నవాళ్లెవరైనా ఉంటే, సంచి సగం నిండాక ఎలా లాగుతోందో చెప్పండి. స్టార్లు వద్దు.