ఆదివారం సెలవు

నలుగురు గోల్ఫ్ పిచ్చాళ్ళు ఒకచోట చేరితే మాట తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది. 'నీకు ఏ కోర్సంటే ఇష్టం?' అని. కోర్సంటే చదువు కాదండోయ్, మేం ఆడే మైదానం! ఒకాయన 1829లో పుట్టిన రాయల్ కలకత్తా పేరు చెబుతాడు. మరొకాయన గోల్కొండ నయా ఖిలాలో కోటగోడల పక్కన ఆడే దర్జా ఇంకెక్కడా లేదంటాడు. కూతురు అమెరికాలో ఉన్నాయన పెబుల్ బీచ్ దగ్గర మొదలుపెడితే ఓ పట్టాన ఆపడు.

నేను రెండు పేర్లు చెబుతాను. ఇంటిదగ్గరైతే మా విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్. విదేశాల్లో అయితే స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు. తమాషా ఏమిటంటే, ఆ రెండోదాంట్లో నేను ఒక్క బంతీ కొట్టలేదు.

నాకు నలభై దాటాక షుగరు బయటపడింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. ఊరికే నడవడం నా వల్ల కాలేదు. ఆఫీసులో ఒక స్నేహితుడు ఈస్ట్ పాయింట్‌కి తీసుకెళ్ళి చేతిలో కర్ర పెట్టాడు. 1884 నాటి ఆ మైదానంలో సముద్రపు గాలే అసలు ప్రత్యర్థి. మనం ఒకవైపు కొడితే అది ఇంకోవైపు తీసుకుపోతుంది. ఆ గాలికి నేను లొంగిపోయాను. ప్రతి ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకి బయల్దేరితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. అలా ఇరవై రెండేళ్ళు!

పోయిన జూన్‌లో ఎడింబరాలో ఉన్న మావాడి దగ్గరికి మా ఆవిడా నేనూ వెళ్ళాం. ఆవిడ సూట్‌కేసులో ఆవకాయ సర్దితే, నేను గ్లవ్‌జోడూ హ్యాండిక్యాప్ సర్టిఫికెట్టూ సర్దుకున్నాను. మావాడు సోమవారం మధ్యాహ్నం దాకా వీలు చూసుకుని, ఆదివారం పొద్దున్నే మమ్మల్ని కారులో సెయింట్ ఆండ్రూస్ తీసుకెళ్ళాడు.

తీరా చూస్తే మైదానం నిండా జనం! కుక్కల్ని తిప్పుతున్నవాళ్ళు, పిల్లల్ని బండిలో కూర్చోబెట్టి తోసుకెళ్తున్నవాళ్ళు. 'వీళ్ళనెవరూ అదిలించరేం?' అని నాకు ఒళ్ళు మండింది. అక్కడున్న ఒక పెద్దాయన్ని అడిగితే నవ్వి చెప్పాడు. పెద్ద పోటీలున్నప్పుడు తప్ప ఓల్డ్ కోర్సుకు ఆదివారం సెలవట. ఆ రోజు అక్కడ ఆట ఉండదు, ఊళ్ళో వాళ్ళంతా వచ్చి షికారు చేస్తారు. అది ఏ ఒక్క క్లబ్బు సొత్తూ కాదు, ఊరి ఉమ్మడి నేల. ఆటగాళ్ళకు అక్కర్లేకపోయినా నేలకు విశ్రాంతి కావాలని పందొమ్మిదో శతాబ్దంలో ఆ మైదానాన్ని సాకిన ఓల్డ్ టామ్ మోరిస్ అనేవాడని చెబుతారు.

ఆ ముక్క ముందే కనుక్కోనందుకు మావాడి మొహం చిన్నబోయింది. నా సంగతి చెప్పక్కర్లేదు. మా ఆవిడ మాత్రం చీర మీద స్వెట్టరు బిగించుకుని, 'ఎలాగూ వచ్చాం, నడుద్దాం రండి' అంది.

నడిచాం. 1764కి ముందు ఇక్కడ ఒక ఆటకు 22 హోల్స్ ఉండేవనీ, వాటిని 18కి కుదించాక లోకమంతా ఆ లెక్కే స్థిరపడిందనీ చెప్పాను. పద్నాలుగో హోల్ దారిలో 'హెల్ బంకర్' అనే పెద్ద ఇసుక గొయ్యి చూపించాను. ఇక్కడ రెండేసి హోల్స్‌కి కలిపి ఒకే పచ్చిక ఉంటుంది, అలాంటి జంట గ్రీన్లు ఏడున్నాయని మ్యాపు ఇచ్చాను. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరైంది. ఒక్క నిమిషం చూసి, 'రెండూ పదహారూ, మూడూ పదిహేనూ, నాలుగూ పద్నాలుగూ... ఏ జత కూడినా పద్దెనిమిదేనండీ!' అంది. ఆ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆవిడ తనే పట్టేసింది!

చివరికి స్విల్కన్ వంతెన దగ్గరికొచ్చాం. చిన్న రాతి వంతెన. మహామహులంతా దాని మీద నిలబడి ఫొటోలు దిగారు. మావాడు మా ఇద్దరినీ నిలబెట్టాడు. అప్పుడు ఆవిడ మెల్లగా అంది...

'బావుందండీ. ఇరవై రెండేళ్ళంటే వెయ్యీ నూట నలభై నాలుగు ఆదివారాలు. ఒక్కసారైనా నన్ను రమ్మనలేదేం?'

కోపంగా అనలేదు. లెక్క అప్పజెప్పినట్టు అంది. మావాడు ఫోన్లోంచి తలెత్తలేదు. వాడికి సైకిలు నేర్పింది వాళ్ళమ్మే. అదీ ఒక ఆదివారమే. నేను ఇంటికొచ్చేసరికి వాడి మోకాలికి కట్టు కూడా కట్టేసింది.

మర్నాడు తిరుగు ప్రయాణానికి ముందు పక్కనే ఉన్న 'హిమాలయాస్'కి వెళ్ళాం. గుట్టలు గుట్టలుగా ఉండే పచ్చిక అది. ఆడవాళ్ళు కర్రను భుజం పైకెత్తి కొట్టడం మర్యాద కాదనుకున్న రోజుల్లో, 1867లో, అక్కడ వాళ్ళ క్లబ్బు మొదలైంది. ఇప్పుడు కొద్దిపాటి డబ్బు కడితే ఎవరైనా ఆడొచ్చు. మా ఆవిడ జీవితంలో మొదటిసారి కర్ర పట్టింది. ఎత్తుపల్లాలు ఓ కంట చూసుకుని నెమ్మదిగా బంతిని నెట్టింది. నా ఇరవై రెండేళ్ళ అనుభవాన్ని మూడు దెబ్బల తేడాతో ఓడించింది!

విశాఖ వచ్చాక నా ఆట శనివారానికి మార్చుకున్నాను. స్నేహితులు ఎందుకని అడిగితే, 'సెయింట్ ఆండ్రూస్‌కే ఆదివారం సెలవుంటే నాకుండకూడదా?' అంటున్నాను. ఆదివారం పొద్దున్నే మేమిద్దరం బీచ్ రోడ్డులో నడుస్తున్నాం. పోయినవారం ఇరవై ఆరో ఆదివారం. ఇంటి గేటు తీస్తూ మా ఆవిడ అంది...

'ఇంకా వెయ్యీ నూట పద్దెనిమిది బాకీ!'