ఖడ్గమృగాల అడవిలో... కాలినడకన!

రోడ్డుండదు. గది ఉండదు. సెల్‌ఫోను మోగదు. రాత్రిళ్లు ఆరుబయటే పడుకోవాలి, అదీ వంతులవారీగా కాపలా కాస్తూ! దక్షిణాఫ్రికాలోని ఇంఫొలోజీ అడవిలో నాలుగు రోజుల నడకకి ఏడు నెలలు తయారై వెళ్లొచ్చాం. ఆ విశేషాలే ఇవి.

'పెదనాన్నా, నడవగలవా?' అని మా తమ్ముడి కూతురు డర్బన్ నుంచి ఫోన్ చేసి అడిగితే, 'రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తున్నా కదమ్మా' అని గొప్పగా చెప్పేశాను. ఆఫ్రికా అడవి అంటే నాకు తెలిసింది టీవీలో చూసిందే. పైకప్పు లేని జీపు, దూరంగా సింహం, చేతిలో కెమెరా. 'జీపు లోపలికి రాదు పెదనాన్నా. మన సామాను మనమే మోసుకోవాలి' అంది. అప్పుడు కాస్త గొంతు తడారిన మాట నిజం.

ఆ అడవి పేరు హ్లుహ్లువే-ఇంఫొలోజీ. డర్బన్‌కి ఉత్తరంగా కారులో మూడు గంటల దూరం. 1895లోనే దాన్ని రక్షిత అడవిగా ప్రకటించారు. మొత్తం 960 చదరపు కిలోమీటర్లు. జూలూ రాజు షాకా వేటాడిన నేల అది. తెల్ల ఖడ్గమృగం ఒకప్పుడు దాదాపు అంతరించిపోయి, ఇక్కడ మాత్రమే వందలోపు మిగిలింది. 1960లలో ఇయాన్ ప్లేయర్ అనే అటవీ అధికారి బృందం వాటిని పట్టి, మత్తిచ్చి, వేరేచోట్లకి పంపబట్టే ఆ జాతి బతికి బట్టకట్టింది. గోల్ఫ్ ఆటగాడు గ్యారీ ప్లేయర్‌కి స్వయానా అన్న ఈయన. తెల్ల ఇంఫొలోజీ, నల్ల ఇంఫొలోజీ నదుల మధ్య ఉన్న దక్షిణ భాగంలో రోడ్లు వెయ్యకుండా వదిలేసి, 1959లో జనాన్ని కాలినడకన తీసుకెళ్లడం మొదలుపెట్టిందీ ఆయనే. ఆయనకి అడవి చదవడం నేర్పిన గురువు మగ్‌కుబు న్టోంబెలా అనే జూలూ పెద్దాయన. బడికెళ్లి చదువుకున్నవాడు కాదు.

బియ్యం మూటతో పెన్నలో...

ఒక బృందంలో ఎనిమిది మందికి మించి తీసుకెళ్లరు. తుపాకులతో ఇద్దరు గైడ్లు వస్తారు. కాబట్టి నెలల ముందే చోటు ఖాయం చేసుకోవాలి. మేం ముగ్గురం, అక్కడివాళ్లు ఐదుగురు. నెల విషయంలో మా అమ్మాయి గట్టిగా ఉంది, జూనే కావాలని. మనకి ఎండలు తగ్గి వానలు మొదలయ్యేసరికి అక్కడ శీతాకాలం. గడ్డి ఎండి పల్చబడుతుంది కాబట్టి జంతువులు కాస్త దూరం నుంచే కనిపిస్తాయి. నడిచేవాడికి అది సరదా కాదు, ప్రాణరక్షణ. నిలువెత్తు గడ్డిలో అడవిదున్న ఎదురైతే ఇద్దరికీ మంచిది కాదు.

వీసా తప్పనిసరి. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మన దేశం నుంచి వెళ్లేవారిని అడగరు. నైరోబీ, అడిస్ అబాబా లాంటి చోట్ల ఎక్కువసేపు ఆగితే ఆ కార్డు చూపించాల్సి వస్తుంది. అందుకని దుబాయ్ మీదుగా టికెట్లు తీసుకున్నాం. బట్టలు మట్టిరంగువో ఆకుపచ్చవో ఉండాలి, తెలుపూ ఎరుపూ పనికిరావు. సెంటు, వాసన సబ్బు వద్దు. పశువులకి పట్టే పిడుదులు అక్కడ మనుషుల్నీ వదలవు, జ్వరం తెప్పిస్తాయి కాబట్టి నిండు ప్యాంటు, పొడవాటి మేజోళ్లు ఉండాలి. వీపుసంచి, నిద్రసంచి వాళ్లే ఇస్తారు. తిండి కూడా వాళ్లదే అయినా, అందరి సంచుల్లోకీ పంచేస్తారు. శాకాహారులైతే ముందే చెప్పుకోవాలి. నేను చెప్పాను, పప్పు దినుసులు దండిగా తెచ్చారు. కందిపొడి సీసా తెస్తానంటే 'గాజు వద్దు' అంది మా అమ్మాయి.

పన్నెండు కిలోల బియ్యం మూట వీపుకి కట్టుకుని తాడిపత్రి దగ్గర పెన్న ఇసుకలో నడవడం మొదలుపెట్టాను. 'ఏం సార్, రేషన్ మీరే మోసుకుపోతున్నారా?' అని కుర్రాళ్లు నవ్వేవాళ్లు. మూడో వారానికి కుడి మోకాలు పట్టేసింది. అది కొత్తదేం కాదు, రెండేళ్లుగా ఉన్నదే. ఈలోగా ఆరోగ్యం వివరాలు నింపమని ఫారం వచ్చింది. గుండె, ఆస్తమా, మందులు పడకపోవడం, కీళ్లు... అన్నిటికీ 'లేదు' అని రాసి పంపేశాను. రాస్తే రానివ్వరేమోనని భయం. ఇంట్లో కూడా చెప్పలేదు.

చెలమ తవ్విన వేళ...

మొదటి రోజు నది ఒడ్డున గైడు చెప్పిన మాటలు ఐదు నిమిషాలే. ఒకరి వెనక ఒకరు నడవాలి, మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే చప్పట్లు కాదు, వేళ్లతో చిటిక. సింహం ఎదురైతే పరుగెత్తకూడదు. ఖడ్గమృగం మీదికొస్తే చెట్టెక్కాలి, చెట్టు దొరక్కపోతే దేని వెనకైనా దాక్కోవాలి. అన్నీ ముళ్ల చెట్లే. ఎక్కేదెలా అని నేను చూస్తుంటే, 'ఆ సమయంలో ముళ్లు తెలియవు' అన్నాడాయన!

మధ్యాహ్నానికి కనిపించింది మొదటి ఖడ్గమృగం, తల్లీ పిల్లా. గాలి మా వైపు వీస్తోంది కాబట్టి వాటికి మా వాసన తెలియలేదు. కొండలాంటి శరీరం, గడ్డిని కొరికే శబ్దం కూడా వినిపిస్తోంది. తల్లికి కొమ్ము లేదు, మొదలు మాత్రం నున్నగా ఉంది. దొంగల నుంచి కాపాడటానికి అడవివాళ్లే కోసేశారట. 2023లో దక్షిణాఫ్రికా మొత్తమ్మీద 499 ఖడ్గమృగాల్ని చంపితే, అందులో 307 ఈ ఒక్క అడవిలోనివే. 2024 నుంచి కొమ్ములు కోయడం మొదలుపెట్టారు. ఏడు నెలలు ఎదురుచూసి చూసిన ఖడ్గమృగం కొమ్ములేనిది కావడం చూసి మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం నీళ్ల కోసం గైడు తెల్ల ఇంఫొలోజీ ఇసుకలో గుంట తవ్వబోతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. చెలమ! చిన్నప్పుడు ఎండాకాలం పెన్నలో నేను ఎన్ని తవ్వానో. పార అడిగి తీసుకుని, పక్కలు కూలకుండా వెడల్పుగా తవ్వి, మొదటి బురదనీళ్లు తోడిపోసి, తేటపడేదాకా ఆగి చెంబుతో ముంచి ఇచ్చాను. గైడు తల పంకించాడు. మా బృందంలో డర్బన్ పంతులుగారు ఒకాయన ఉన్నారు. ఇంటిపేరు తెలుగుదే. 1860లో మద్రాసు నుంచి తొలి ఓడ వెళ్లింది మొదలు చెరకు తోటల్లో కూలికి చేరినవాళ్లలో ఆయన ముత్తాత ఒకరట. డర్బన్‌లో మనవాళ్లు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు కానీ ఆయనకి తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. 'దీన్నేమంటారు?' అని అడిగి, 'చెలమ, చెలమ' అని అనుకుంటూ పడుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం, నది దాటి గట్టెక్కుతుంటే మోకాలు కలుక్కుమంది. సాయంత్రానికి బూరెలా ఉబ్బింది. దాచడానికేముంది? గైడు బూటు విప్పించి, మోకాలు చూసి, 'ఎన్నాళ్లుగా?' అన్నాడు. రెండేళ్లన్నాను. 'ఫారంలో లేదే' అన్నాడంతే. కోపం లేదు. అది ఉంటే బాగుండేది. ఎందుకంటే అక్కడికి బండి రాదు. ఎవరికైనా నడవలేని పరిస్థితి వస్తే మిగతావాళ్లే మోయాలి, వాళ్లందరూ అక్కడే చిక్కుకుపోతారు. మూడోరోజు ఎక్కాల్సిన కొండని ప్రణాళికలోంచి తీసేశారు. ఆ కొండ మీద నుంచి నది వంపులన్నీ కనిపిస్తాయని మా అమ్మాయి నవంబరు నుంచీ చెబుతూ ఉంది. 'పర్లేదు పెదనాన్నా' అంది. మా తమ్ముడు మాత్రం 'అన్నా, నాకైనా చెప్పుండాల్సింది' అన్నాడు. పంతులుగారు నా సంచిలోంచి పప్పు, గిన్నెలు తీసి తన సంచిలో పెట్టుకున్నారు.

ఆ రాత్రి కాపలా నావంతు రెండు గంటల నుంచి మూడున్నరదాకా. చిన్న మంట, ఒక టార్చి, కెటిల్లో టీ. అప్పుడప్పుడూ లేచి చుట్టూ వెలుగు తిప్పాలి. మెరిసే కళ్లు నిలకడగా ఉంటే భయం లేదు, దగ్గరికి వస్తుంటే గైడుని లేపాలి. దూరంగా సింహం అరుపు. గర్జన కాదది, ఎవరో గుండెల్లోంచి మూలిగినట్టు. తొమ్మిదిమంది నిద్రపోతున్నారు. వాళ్ల నిద్రకి ఆ గంటన్నరా నేనే కాపలా. ఒకసారి వెలుగులో రెండు కళ్లు కనిపించాయి. మళ్లీ వెలుగు తిప్పితే ఇంకాస్త దగ్గరికొచ్చాయి. ఒంటి కాలి మీద గెంతుకుంటూ వెళ్లి గైడుని లేపాను. చూసి, మంటలో ఇంకో కట్టె వేసి, 'హైనా. వెళ్లిపోతుంది' అన్నాడు. వెళ్లిపోయింది. 'సరిగ్గా లేపావు' అని చెప్పి మళ్లీ పడుకున్నాడు. ఆ మాట విన్నాక మిగతా గంటా మోకాలి నొప్పి పెద్దగా తెలియలేదు.

మూడోరోజు ఉన్నచోటే ఉన్నాం. అనుకోకుండా అదే బాగుంది. నీడలో కూర్చుంటే నదిలోకి దిగిన ఏనుగుల గుంపుని రెండు గంటలు చూడగలిగాం. మా అమ్మాయి ఆ సాయంత్రం మళ్లీ నవ్వింది.

నాలుగోరోజు పొద్దున బయల్దేరే ముందు మంట ఆర్పి, బూడిద నదిలో కలిపి, పొయ్యిరాళ్లు ఎక్కడివక్కడ పెట్టారు. పడుకున్న చోట్ల గడ్డిని చేత్తో లేపి నిలబెట్టారు. మా ఊళ్లో చెలమని ఎవరూ పూడ్చరు, వెనకొచ్చేవాళ్ల కోసం వదిలేస్తారు. గైడు చెయ్యి చూపించగానే పంతులుగారు పార తీసుకున్నారు. నేను కుంటుకుంటూ వెళ్లి పక్కన కూర్చుని చేతులతో ఇసుక తోశాను.