చీర చేరాలి, సొమ్మూ నిలవాలి

సూరత్ బట్టల మార్కెట్లలో వ్యాపారం చాలాకాలంగా మాట మీదే నడిచింది. సరుకు ముందు వెళ్లేది, డబ్బు తర్వాతెప్పుడో వచ్చేది. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలకూ ఆ పద్ధతి కొత్తేమీ కాదు. మాట తప్పినవాడి దుకాణం ఎక్కడుందో అందరికీ తెలుసు. సెల్‌ఫోన్‌లో ఫొటో చూపి చీర అమ్మేటప్పుడు ఆ ధీమా ఉండదు. కొనే మహిళ కరీంనగర్‌లో, అమ్మే కుటుంబం సూరత్‌లో. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక ఫోన్ నంబరు, ఒక బ్యాంకు ఖాతా.

ఆ లోటు తీర్చాల్సింది చట్టమే. 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు గుర్తింపునిచ్చి ఆన్‌లైన్ వ్యాపారానికి పునాది వేసింది. 2008 నాటి సవరణలు 2009 అక్టోబర్ 27 నుంచి అమలయ్యాయి. వాటితో వచ్చిన 66డి సెక్షన్ ప్రకారం కంప్యూటర్ లేదా ఫోన్ ద్వారా మరొకరిలా నటించి మోసగిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పేరున్న దుకాణం ఫొటోలు ఎత్తుకొచ్చి, అదే పేరుతో డబ్బు గుంజేవారికి ఇది వర్తిస్తుంది.

కానీ మోసపోయినవారికి దొంగ జైలుకెళ్లడం కన్నా తమ సొమ్ము తిరిగి రావడం ముఖ్యం. 1930కి వెంటనే ఫోన్ చేస్తే, సొమ్ము చేరిన ఖాతాలోనే దాన్ని ఆపించే వీలుంది. చిక్కల్లా అక్కడే మొదలవుతుంది. దొంగ సొమ్ము ఒకచోట ఆగదు. ఖాతాలు మారుతూ, చీర అమ్ముకున్న నిజాయితీపరుడి దగ్గరికీ చేరవచ్చు. చీర ధర రెండు వేలే అయినా ఖాతా మొత్తం స్తంభిస్తే నూలుకు డబ్బుండదు, మగ్గం నడిపే కార్మికుడికి కూలీ అందదు. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో నమోదైతే అక్కడి పోలీసులకు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లోనే, పోలీసులు పేర్కొన్న మొత్తం వరకే నిలిపివేత పరిమితం కావాలని బ్యాంకులను ఆదేశించింది. న్యాయమైన మాట. దొంగను పట్టేందుకు వేసే తాళం పక్కింటి తలుపుకు పడకూడదు. వ్యాపారి కూడా బిల్లు, కొరియర్ రసీదు, కొనుగోలుదారుతో జరిపిన సందేశాలు దాచుకోవాలి. మాటే సాక్ష్యమైన బజారు నుంచి వచ్చినవారికి ఇది కాస్త చిరాకే. అయినా, ముఖం చూడని బేరంలో ఆ కాగితాలే వారి తరఫున మాట్లాడతాయి.