కోట దారిలో తొలి పది నిమిషాలు

గూడూరు నుంచి వాకాడు వెళ్లే దారిలో ఉంటుంది కోట. చుట్టూ వరి మళ్లు, సముద్రం వైపు పోయేకొద్దీ రొయ్యల గుంటలు, దగ్గర్లోనే విద్యానగర్ ఇంజినీరింగ్ కాలేజీ. ధాన్యం ట్రాక్టర్లు, మేత లారీలు, విద్యార్థుల బైకులు అన్నిటికీ ఆ రోడ్డే దిక్కు. గట్టి దెబ్బ తగిలిన మనిషిని ఇలాంటి చోట ఎలా కాపాడతారో చూడాలని 108 అంబులెన్సు సిబ్బందిని కలిశాను.

డ్యూటీ మారే వేళ. బండి నడిపే పైలట్ ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూస్తున్నాడు. ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) కుర్రాడు స్ట్రెచర్ మీద సామాను పరిచి ఒక్కొక్కటీ సరిచూసుకుంటున్నాడు: గాజుగుడ్డ, రోలర్ బ్యాండేజీలు, మెడకు పెట్టే కాలర్, స్ప్లింట్లు, గొంతులోని రక్తం లాగే సక్షన్ యంత్రం, ఊపిరి అందించే అంబు బ్యాగ్.

"ఇద్దరు పడుంటే ముందు ఎవరి దగ్గరికి పోతావు?" అని అడిగాను.

"అరిచేవాడికి ఊపిరి ఆడతా ఉండాదని అర్థం సార్. అరవనోడి దగ్గరికి ముందు పోవాల."

గాయం చూడ్డంలో అసలు విద్య అదే. కంటికి భయంకరంగా కనిపించేది ఒక్కోసారి ప్రాణం మీదికి రాదు. ప్రాణం తీసేది బయటికి కనపడదు. అందుకే వాళ్లు గాయం వెంట పోరు, వరస వెంట పోతారు. ధారకట్టే రక్తాన్ని ఆపాలి. గాలి పోయే దారి తెరిచి ఉందో లేదో చూడాలి. ఛాతీ రెండు వైపులా సమంగా లేస్తోందా, నాడి ఎలా ఉంది, పిలిస్తే పలుకుతున్నాడా అన్నవి ఆ తర్వాత. విరిగిన చెయ్యి ఎంత వంకరగా ఉన్నా దాని వంతు ఇవన్నీ అయ్యాకే.

కుర్రాడు నా చూపుడువేలి గోరు నొక్కి వదిలాడు. తెల్లబడిన గోరు వెంటనే ఎర్రబడింది. రెండు సెకన్లు దాటినా రంగు తిరిగి రాకపోతే ఒంట్లో రక్తం తగ్గుతోందని అనుమానించాలట. చెయ్యి చల్లబడటం, చెమట పట్టడం, నాడి వేగంగా, సన్నగా కొట్టుకోవడం కూడా ఆ గుర్తులే.

ఆ తర్వాత ఆసుపత్రిలో కలిసిన డాక్టరుగారు దీని లోతు చెప్పారు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. తొడ ఎముక విరిగితే చర్మం చిట్లకుండానే లీటరుకు పైగా లోపలే కారిపోవచ్చు. కటి ఎముక విరిగితే ఇంకా ఎక్కువ. దాదాపు మూడో వంతు పోయేదాకా బీపీ పడిపోకపోవచ్చు కూడా. "బీపీ బాగుందని ధైర్యం చెప్పుకోకూడదు. నాడిని నమ్మాలి," అన్నారాయన. ట్రాక్టరు బోల్తా పడి కిందపడ్డ మనిషి లేచి కూర్చుని మాట్లాడుతున్నా పొట్ట గట్టిపడుతోందేమో చూడాల్సింది అందుకే.

నన్ను ఆశ్చర్యపరిచింది దుప్పటి. కోట ఎండలో దుప్పటి ఎందుకని అడిగాను. రక్తం పోయిన ఒళ్లు ఎండాకాలంలోనూ చల్లబడుతుంది, చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు, కారడం ఆగదు అని వివరించారు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇంజెక్షన్ మాటా వచ్చింది. 40 దేశాల్లో 20 వేలమందికి పైగా క్షతగాత్రుల మీద జరిపిన క్రాష్-2 పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో పోయే ప్రాణాలు కొన్ని నిలుస్తాయని, ఆలస్యమైతే మేలు లేకపోగా కీడు జరగొచ్చని అది తేల్చింది. చవకైన మందే. ఖరీదైనది సమయం.

ఆ సమయం లెక్క ఇక్కడ కఠినమైనది. కోట నుంచి గూడూరు సుమారు 20 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి నెల్లూరు మరో 40 దాకా. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ పల్లెపల్లెకూ చేరింది, నిజమే. అయినా బండి వచ్చేదాకా ఆ మనిషి చుట్టుపక్కల వాళ్ల చేతుల్లోనే ఉంటాడు. ఆ పది నిమిషాల్లో జరిగే తప్పులే ఈఎంటీలను ఎక్కువ బాధపెడతాయి. నోట్లో నీళ్లు పోస్తారు. స్పృహ లేనివాడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తేస్తారు. మెడ ఎముక విరిగి ఉంటే కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోవచ్చు. గుచ్చుకున్న ఇనుప ఊచను పీకేస్తారు. అప్పటిదాకా అదే రక్తానికి అడ్డుకట్ట.

చేయవలసినవి కొన్నే. 108కి ఫోన్ చేసి చోటు గుర్తు చెప్పాలి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి బలంగా అదిమి పట్టాలి, ఆగిందో లేదో అని మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. మెడ కదలనీయకూడదు. ఒళ్లు చల్లబడకుండా దుప్పటి కప్పి ఉంచాలి.

సాయం చేస్తే పోలీసు కేసవుతుందన్న భయం ఇంకా చాలామందిని వెనక్కి లాగుతోంది. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించాయి. పేరు చెప్పమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో లక్షన్నర రూపాయల దాకా, ఏడు రోజుల వరకు నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకమూ ఉంది.

బండి ఉంది, మందు ఉంది, చట్టం ఉంది. వాటి దాకా ప్రాణాన్ని నిలబెట్టాల్సింది దారిన పోయే మనమే. ప్రతి కాలేజీలో, రొయ్యల గుంటల దగ్గర, ట్రాక్టర్ల స్టాండులో ఒక్క పూట ఈ పాఠం చెప్పించాలి. అడిగితే చెప్పడానికి ఈ కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు.