వంచి విడిచిన ఖడ్గము

పోయిన వేసవిలో, వేల్సులో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాము. ఒక శనివారము ఆమె మమ్మల్ని కార్డిఫ్ నగరములో మ్యూజియముకు తీసుకొని వెళ్లింది. అక్కడ అద్దాల వెనుక రెండువేల ఏండ్ల నాటి ఇనుప ఖడ్గములు చూశాము. తుప్పు తిని సన్నబడిపోయాయి. ఒకదాని ముందు మేమిద్దరము చాలాసేపు నిలిచిపోయాము. అది యుద్ధములో విరిగినట్లు లేదు. ఎవరో కావాలని వంచినట్లు ఉన్నది.

అవి దొరికిన విధము మా అమ్మాయి చదివి చెప్పింది. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుతుండగా, 1942లో, ఆంగ్లెసీ ద్వీపములోని వ్యాలీ అనే చోట వైమానిక దళానికి విమానాశ్రయము కడుతున్నారు. అక్కడి ఇసుక నేల మీద పరచడానికి దగ్గరలోని బాడవ నుండి నల్లమట్టి తవ్వి తెచ్చేవారు. లిన్ కెరిగ్ బాఖ్ అనే చిన్న సరస్సు దగ్గర పనిచేస్తుండగా, దంతె పండ్లకు ఒక ఇనుప గొలుసు తగులుకొని పైకి వచ్చింది. పాత గొలుసేదోలే అనుకొని, బురదలో దిగబడిన లారీలను ట్రాక్టరుతో లాగడానికి దానినే వాడుకున్నారు. ఆ గొలుసు తెగలేదు!

తరువాత ఖడ్గములు, ఈటెలు, డాళ్ల భాగములు, రథచక్రాల పట్టాలు, జంతువుల ఎముకలు బయటపడ్డాయి. కబురు వేల్సు జాతీయ మ్యూజియముకు చేరింది. డైరెక్టరు సిరిల్ ఫాక్స్ అన్నిటినీ పరిశీలించి 1946లో గ్రంథము ప్రకటించాడు. 150కి పైగా వస్తువులు! లారీలు లాగిన గొలుసు సంగతి అప్పుడు తేలింది. అది మనుష్యుల మెడలకు తగిలించే గొలుసు. ఐదుగురు బానిసలను వరుసగా కట్టి నడిపించడానికి చేసినది.

ఇవన్నీ కెల్టు జాతివారివి. మరి నీళ్లలో ఎందుకు పడవేశారు? క్రీ.శ. 60 ప్రాంతమున రోమా సైన్యము ఆ ద్వీపము మీదికి వచ్చింది. ఆ భయముతో తమ దేవతలకు అర్పించి ఉంటారని మొదట తలంచారు. కాని అవి ఒక్కనాటివి కావనీ, తరతరాలుగా అర్పించినవనీ తరువాతి పండితులు గ్రహించారు. వంచడములో భావము ఏమంటే, దేవునికి ఇచ్చినది మరల మనుష్యుని చేతికి పనికిరాకూడదు.

ఆ సరస్సులో దేవుడు లేడని మనకు తెలుసు. అయినా వారి అర్పణ మమ్మును సిగ్గుపరచింది. ఎందుకో చెబుతాము.

మా తమ్ముడికీ మాకూ పొలము గట్టు విషయములో తొమ్మిదేండ్లుగా మాటలు లేవు. ఆ తగవు మొదలైన ఏడాది అతడు కోపములో మాకొక ఉత్తరము వ్రాశాడు. చనిపోయిన మా నాన్నగారిని గూర్చి వ్రాయకూడని మాటలు అందులో ఉన్నవి. ఆ ఉత్తరమును మేము బీరువాలో బట్టల క్రింద దాచాము. సమయము వచ్చినప్పుడు పెద్దమనుష్యుల ముందు చదివి వినిపించాలని! ప్రతిరోజూ కుటుంబ ప్రార్థనలో అతని పేరు ఎత్తి, మేము క్షమించాము ప్రభువా అని చెప్పేవారము. బీరువా తాళము మాత్రము మా దగ్గరే ఉండేది.

ఆ రాత్రి మా అమ్మాయి ఇంట్లో ప్రార్థనకు గలతీయులకు వ్రాసిన పత్రిక తెరిచాము. గలతీయులు కూడ కెల్టు జాతివారేనని చరిత్ర చెబుతున్నది. క్రీ.పూ. 278లో ఐరోపా నుండి దాటివచ్చి, నేటి టర్కీ దేశములో అంకారా చుట్టుప్రక్కల స్థిరపడినవారు. గలతీయలోని సంఘములకే పౌలు భక్తుడు, క్రీస్తు మిమ్మును విడిపించాడు గనుక మరల దాస్యపు కాడి క్రిందికి పోకుడి అనే భావముతో అయిదవ అధ్యాయము వ్రాశాడు. మాకు ఆ ఐదు మెడల గొలుసు గుర్తుకు వచ్చింది. రెండువేల ఏండ్లు బురదలో ఉన్నా తెగనిది. పగ కూడ అంతే గదా! దానితో తమ్ముడిని కట్టాము అనుకున్నాము. రెండవ కడియము మా మెడకే ఉన్నది.

ఇంటికి వచ్చాక ఉత్తరము బయటకు తీశాము. మాలో ఒకరము, "ఇక దీని మాట ఎత్తవద్దు, ఉన్నచోటనే ఉండనిద్దాము" అన్నాము. రెండవవారము, "అది ఒరలో పెట్టడమే గాని వంచడము కాదు గదా" అన్నాము. ఇద్దరము మోకరించి ప్రార్థించి, పొయ్యిలో వేసి కాల్చివేశాము. చెయ్యి వణకలేదని చెప్పలేము.

తరువాతి ఆదివారము ఆరాధన అయిన పిమ్మట తమ్ముడి ఇంటికి వెళ్లాము. అతడు వెంటనే బయటకు రాలేదు. మరదలు కుర్చీలు వేసి మంచినీళ్లు ఇచ్చింది. చాలాసేపటికి అతడు వచ్చి కూర్చొని, "అన్నయ్యా, అమ్మాయి బాగుందా?" అని అడిగాడు. అంతే. గట్టు సంగతి ఇంకా తేలలేదు. అయితే ఇప్పుడు మాట్లాడుకొని తేల్చుకోవచ్చును. దాచిపెట్టిన ఆయుధము మా దగ్గర లేదు.

ప్రియ చదువరీ, మీ ఇంట ఏ బట్టల క్రింద ఏ ఖడ్గము దాగియున్నదో మీకు తెలుసు. సత్యదేవుని ఎరుగనివారే తమ ఖడ్గములను వంచి విడిచారు. ఆయనను ఎరిగిన మనము ఒరలో పెట్టి ఊరకుందుమా? మనము విడిచిన దానిని మరల చేతపట్టకుండ ప్రభువు కృప చూపును గాక. ఆమెన్.